కాకి తన్నిన గిటారిస్టు

అరాద్, బహ్రెయిన్
ఫిబ్రవరి 9, 2025

ఒరేయ్ రవీ,

నువ్వు బతికే ఉన్నావు కాబట్టి ఈ ఉత్తరం తిట్లతోనే మొదలుపెడుతున్నాను. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. ఆ అడ్డు ఇప్పుడు లేదు.

ఆ రోజు ఇక్కడ ఏం జరిగిందో నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. మామీర్‌లో మా ఆఫీసులో కూర్చుని జీతాల పని చూసుకుంటున్నాను. నీ భార్య ఫోన్ నుంచి వాట్సాప్‌లో ఒక్క ముక్క వచ్చింది: "మీ తమ్ముడు ఇక లేరు వదినా." కుర్చీలోంచి కింద ఎప్పుడు పడ్డానో నాకు తెలియదు. ఓవర్‌టైం సంగతి అడగడానికి వచ్చిన బుల్లిరాజు, అదే మా క్రేన్ల దగ్గర పనిచేసే అనకాపల్లి అతను, నన్ను చూసి మంచినీళ్ళ కోసం పరిగెత్తాడట. మా మలయాళీ మేనేజరు, ఫిలిప్పీన్స్ పిల్ల, టీ తెచ్చే బెంగాలీ భాయ్, అందరూ చుట్టూ చేరారు. ఇంత వయసొచ్చినదాన్ని, గుండెలు బాదుకుని ఏడ్చాను. మీ బావగారు పని వదిలేసి విమానం టికెట్లకి పరిగెత్తారు.

అప్పుడు తీరిగ్గా మధులిక ఫోను. "ఏం లేదు వదినా, ఆయన బానే ఉన్నారు, ఉప్మా తింటున్నారు. పొద్దున్న మేడ మీద ఆయన తలని కాకి తన్నింది. అయినవాళ్ళకి చావు కబురు పంపి ఏడిపిస్తే గండం పోతుందని మా సాయికుమారి పిన్ని అంది. మీరు ఏడ్చారు కదా, ఇంక భయం లేదు."

ఉప్మా తింటున్నావా? తిను బాబూ. జీడిపప్పు కూడా వేయించుకో.

నిన్ను మాత్రం అనకుండా ఎలా ఉంటాను? అమెరికా హార్డ్ రాక్ చరిత్ర తెలుగులో ఎవడు చదువుతాడురా అంటే వినకుండా ఏళ్ళ తరబడి గ్రావెల్ క్రౌన్ బృందం మీద పుస్తకం రాస్తున్నావు. అందులో డేల్ మర్కిన్ అధ్యాయం పోయిన దసరాకి నాకు పంపావు. రికార్డులు అమ్ముడుపోవడానికి వాళ్ళ కంపెనీ ఏం చేసింది? పాటగాడు పోయాడని పుకారు పుట్టించింది. జనం వీధుల్లో కొవ్వొత్తులు వెలిగించి ఏడ్చాక అతను టీవీలో నవ్వుతూ కనిపించాడు. ముప్పై ఏళ్ళ తర్వాత డేల్ నిజంగానే పోయాడు. అప్పుడు ఒక్కరూ నమ్మలేదు. పాత స్నేహితులు కూడా సమాధి దగ్గరికి వెళ్ళలేదు. ఇదంతా నీ చేత్తో రాసినవాడివి, నీ ఇంట్లోనే అదే పని జరుగుతుంటే ఉప్మా ముందు కూర్చున్నావా?

ఒక్క మాట గుర్తుపెట్టుకో. రేపు నీకు నిజంగా ఏదైనా అయితే నేను నమ్మను. నీ కోసం దాచుకున్న ఏడుపు ఆ రోజే అయిపోయింది. ఇక నీ ఫోను ఎత్తను, నీ ఇంటి నుంచి వచ్చే వాట్సాప్ చూడను, టైపు కొట్టిన అక్షరం ఏదీ నమ్మను. నీ చేతిరాతతో కాగితం మీద ఉత్తరం వస్తేనే నువ్వున్నట్టు. అమ్మ మీద ఒట్టు.

కోపం తగ్గని
శారదక్క

*

విశాఖపట్నం
మార్చి 2, 2025

పిడుగు లాంటి అక్కకి,

నీ శ్రుతి తప్పిన తమ్ముడు బతికే ఉన్నాడు. చేతిరాత చూసుకో. 'క' కింద పడి పొర్లుతోంది, 'ళ' కి కడుపు ఉబ్బింది. ఇంత దరిద్రపు రాత ఇంకెవరూ రాయలేరని నువ్వే అనేదానివి. అదే నాకిప్పుడు ఆధార్ కార్డు అయింది.

ఆ కబురు నాకు తెలియకుండా పంపారు. నా మాట నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం. తెలిశాక మధులికని కేకలేశాను. అది ఏడ్చింది. పిన్నిగారు మాత్రం, "నీకేం తెలుసు నాయనా, తోడబుట్టినదాని కన్నీళ్ళకి ఉన్న బలం మందుకుంటుందా?" అని నన్నే కసురుకుంది. మన అమ్మ ఉన్నా అదే చేసేదేమో అక్కా. అలా అని సమర్థించడం లేదు. నువ్వు పరాయివాళ్ళ మధ్య నేల మీద పడి ఏడ్చావని చదివాక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

డేల్ అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను. అతను పోయాడన్న పుకారు విని ఒహాయోలో వాళ్ళమ్మ చర్చిలో కుప్పకూలిందని ఒక వాక్యం ఉంది కదా. అది రాసినప్పుడు నాకు కొంచెం నవ్వొచ్చింది. నీ ఉత్తరం చదివాక ఆ పేజీ చించేశాను. ఇప్పుడు అధ్యాయం ఆమెతోనే మొదలవుతుంది.

మిగతా పుస్తకం సంగతి. మొదటి భాగం పూర్తయింది. టైర్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసే నలుగురు పగలు గరాజులో వాయించుకోవడం, మొదటి రికార్డుని కుక్క కూడా వినకపోవడం, మూడో రికార్డుతో ఒక్కసారిగా దేశమంతా మోగిపోవడం. ఆ మూడో రికార్డు క్యాసెట్టే కదా మన ఇంటికి చేరింది! దాన్ని అరిగిపోయేదాకా విని, వాల్తేరు కాలేజీ వార్షికోత్సవంలో నువ్వు పరికిణీ కట్టుకుని ఆ పాట అందుకుంటే ప్రిన్సిపాలుగారు ఎవరికో మూర్ఛ వచ్చిందనుకుని లేచారు. నేను వెనక నిలబడి గిటారు వాయించాను. నా జీవితంలో అంతకంటే గొప్ప రోజు లేదు. పెళ్ళి రోజు కూడా తర్వాతే. మధులికకి చెప్పకు.

అసలు కబురు చివరికి దాచాను. గ్రావెల్ క్రౌన్ ఆఖరి పర్యటనట, నవంబరులో మీ బహ్రెయిన్ వస్తున్నారట! వాళ్ళ 'ఆఖరి' పర్యటన ఇది మూడోసారి. రిటైరై మళ్ళీ అదే ఆఫీసులో అదే కుర్చీలో కూర్చునే గుమస్తాల్లా ఉన్నారు. అయినా వస్తాను. మనిద్దరం కలిసి చూద్దాం. పుస్తకంలో చివరి అధ్యాయం అక్కడే, నీ పక్కనే రాస్తాను.

నీ శ్రుతి తప్పిన తమ్ముడు
రవి

*

అరాద్
ఏప్రిల్ 6, 2025

రవీ,

నీ దరిద్రపు రాత చూసి ప్రాణం లేచొచ్చింది. పిన్నిగారిని క్షమించలేదు. నిన్ను మాత్రం సగం క్షమించాను.

టికెట్లు వచ్చాయి, పక్కపక్క కుర్చీలు. సఖీర్ వైపు ఎడారిలో ఆరుబయట కచేరీ. మీ బావగారు, "నాకు రెండు చెవులే ఉన్నాయి, రెండూ కావాలి" అని దణ్ణం పెట్టేశారు. నీకు మా ఇంట్లో ముందుగది సిద్ధం చేస్తాను. విమానాలు మా డాబా నీళ్ళ ట్యాంకుని రాసుకుంటూ పోతాయి, మొదటి రెండు రోజులూ నీకు నిద్ర పట్టదు. గ్రావెల్ క్రౌన్ అభిమానివి, అలవాటు పడతావులే.

నువ్వు ఉత్తరంతో పాటు పంపిన అధ్యాయం, అదే ఆ బృందం గిటారిస్టు వేన్ హోలిక్ గురించి రాసింది, చదివాను. దీని మీద నీతో పెద్ద పేచీ ఉంది.

వేన్‌కి కుడిచెయ్యి పడిపోయింది. పాపం. అందులో అతని తప్పేమీ లేదు. కానీ అతను చేసిందేమిటి? గిటారు మెడలో వేసుకుని ముందు నిలబడి చెయ్యి ఆడిస్తుంటే, తెర వెనక లూసీ అనే ఆవిడ అసలు వాయిద్యం వాయించింది. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. ఆఖరికి ఒక ఊళ్ళో గాలికి తెర ఎగిరిపోయి బయటపడింది. నువ్వేమో, "అభిమానుల గుండె పగలకూడదని ఆ మహానుభావుడు తన బాధని మింగాడు" అని రాశావు. మింగింది బాధ కాదురా, జనాన్ని. చెయ్యి పోయిందని ఒక్క మాట చెప్పి ఉంటే అందరూ ఓ రోజు ఏడ్చి, మర్నాడు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి అయినా చూసుకునేవాళ్ళు. దాచాడు కాబట్టి అసలు వాయించిన పాత రోజుల మీద కూడా అనుమానం వచ్చింది.

డేల్‌ని బృందం నుంచి తీసేసినప్పుడూ ఇంతే కదా. పదేళ్ళు కలిసి తిరిగినవాడికి టైపు కొట్టిన ఉత్తరం పంపారు. కింద మిగతా ముగ్గురి సంతకాలూ రబ్బరు స్టాంపులే. ఆ ముక్క మాత్రం బాగా రాశావు. నాకు కళ్ళు చెమర్చాయి.

అధ్యాయం మార్చు. మార్చకపోతే పుస్తకంలో కృతజ్ఞతల్లో నా పేరు వెయ్యకు. ఎండలు పెరుగుతున్నాయి, మేడ మీద తిరగకు, కాకులున్నాయి.

అక్క

*

విశాఖపట్నం
సెప్టెంబర్ 7, 2025

ప్రియమైన అక్కకు నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను. జవాబు ఆలస్యమైనందుకు మన్నించగలవు. పుస్తకం పని ఎక్కువగా ఉండటం వల్ల చేత్తో రాసే తీరిక లేక ఈ ఉత్తరం కంప్యూటర్‌లో టైపు చేయించాను.

నవంబరులో బహ్రెయిన్ రావడానికి వీలుపడటం లేదు. టికెట్టు ఎవరికైనా ఇవ్వగలవు.

వేన్ అధ్యాయం గురించి నువ్వు రాసింది చదివాను. అది మార్చే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు. మనిషి తన కష్టం దాచుకుంటే అందులో ఎదుటివాళ్ళ మీద ప్రేమ కూడా ఉంటుందని నా అభిప్రాయం.

బావగారికి నా నమస్కారాలు. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు
రవికాంత్

*

అరాద్
అక్టోబర్ 5, 2025

రవికాంత్ గారికి,

గారు అనక ఏమనాలి? నమస్కారములట, మన్నించగలవట! బ్యాంకువాళ్ళు కూడా నాకు ఇంతకంటే ఆప్యాయంగా రాస్తారు.

ఏప్రిల్‌లో నేను రాసిన ఉత్తరానికి జవాబు లేదు. మే పోయింది, జూన్ పోయింది. పేచీ పెట్టానని అలిగావనుకున్నాను. చిన్నప్పుడు అలిగితే మంచం కింద దూరేవాడివి, ఇప్పుడు పుస్తకం కింద దూరావనుకున్నాను. తీరా వచ్చిందేమిటి? టైపు ఉత్తరం. టైపు కొట్టింది నమ్మనని నేను ఒట్టు పెట్టుకున్నది నీకు తెలుసు. డేల్‌కి పంపిన ఉత్తరం చూసి నేను ఏడ్చిన సంగతీ తెలుసు. తెలిసే పంపావంటే నన్నూ బృందంలోంచి తీసేశావన్నమాట. వాళ్ళు రబ్బరు స్టాంపయినా వేశారు, నువ్వు అది కూడా వెయ్యలేదు.

ఒట్టు నాకు గానీ మీ బావగారికి లేదు కదా. ఒక్కసారి ఫోను చేసి చూడండి అన్నాను. చేశారు. అవతలి గదిలోకి వెళ్ళి మాట్లాడి వచ్చారు. "బానే ఉన్నాడు, పనిలో ఉన్నాడు" అన్నారు, నా మొహం చూడకుండా ఫ్యాను చూస్తూ. ఏదో ఉంది. మీరంతా ఒకటై నా దగ్గర ఏదో దాస్తున్నారు. మళ్ళీ ఏ కాకి తన్నింది? ఈసారి నన్ను ఎందుకు ఏడిపించాలని పిన్నిగారు చెప్పింది? లేకపోతే ఆ ఉత్తరం నువ్వు రాసిందే కాదా? నువ్వు రాయకపోతే మరి నువ్వెక్కడున్నావు?

చూశావా, ఒక్క అబద్ధపు కబురు నన్ను ఏ ఆలోచన దాకా తీసుకెళ్తోందో. పొద్దున ఆఫీసు బస్సులో కూర్చుంటే ఇవే ఆలోచనలు. నీ మీద కోపం తెచ్చుకుంటే కాస్త భయం తగ్గుతోంది. అందుకే కోపంగా ఉంటున్నాను.

బుల్లిరాజు సెలవు మీద ఊరు వెళ్తున్నాడు. ఈ ఉత్తరం అతనికిచ్చి, ఎవరికీ ఇవ్వొద్దు, సరిగ్గా నీ చేతిలోనే పెట్టమన్నాను. నిన్ను కళ్ళతో చూడమని కూడా చెప్పాను. నీ చేత్తో నాలుగు ముక్కలు రాసి అతనికివ్వు. ఇవ్వలేదంటే ఖలాస్. నాకిక తమ్ముడు లేడు, నేను ఆ రోజే ఏడ్చేశాను అనుకుంటాను.

శారద

*

విశాఖపట్నం
నవంబర్ 9, 2025

అక్కా,

ఇది నా ఎడమ చెయ్యి.

జూన్ దాకా పేచీ పెట్టావని అలిగే ఉన్నాను. జూలైలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది. ఫోనులో వింటే నీకు తెలిసిపోతుంది. అందుకే ఎవరినీ చెప్పనివ్వలేదు. బావని నేనే బతిమాలాను. ఆయన్ని ఏమీ అనకు.

ఉత్తపుణ్యానికి ఒకసారి ఏడ్చావు. మళ్ళీ ఏడిపించడం ఇష్టం లేకపోయింది.

టైపు ఉత్తరం తన్మయి కొట్టింది. నేను చెప్పింది రెండే: రాలేను, అధ్యాయం మార్చను. నమస్కారములు అన్నీ దానివే. చదివి వినిపించింది. నేను ముందు నిలబడ్డాను, నా కూతురు తెర వెనక వాయించింది. ఆ ఉత్తరంలో నేను లేను. అప్పుడు వేన్ అర్థమయ్యాడు. నువ్వన్నదే నిజం. అధ్యాయం మార్చాలి.

ఇది రాస్తుంటే నాలిక బయటికొస్తోంది. బుల్లిరాజు ఎదురుగా కూర్చుని నవ్వుతున్నాడు. రెండుసార్లు కాఫీ తాగాడు. నా రాత బాగుపడింది కదూ?

ఇంకోసారి వస్తే కష్టమన్నారు డాక్టరు. నీకు చెప్పకుండా ఉండలేను.

పరిగెత్తుకు రాకు. ముందు కచేరీకి వెళ్ళు. నా కుర్చీ ఎవరికీ ఇవ్వకు. చూసి నాకు చెప్పు. చివరి అధ్యాయం నువ్వు రాయి. నేను రాయలేను.

గిటారు తన్మయికి ఇచ్చేశాను. బాధ పడ్డాను. చాలా.

శ్రుతి తప్పిన తమ్ముడు

*

అరాద్
నవంబర్ 22, 2025

రవీ, నా తండ్రీ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. సాయంత్రం విమానానికి హైదరాబాదు, అక్కడి నుంచి విశాఖ. నేనే తెచ్చి నీ ఎడమ చేతిలో పెడతాను. అయినా ఎందుకు రాస్తున్నానంటే, నీ ముందు కూర్చుంటే ఇవన్నీ చెప్పలేను. ఏడుపొచ్చి సగంలోనే ఆగిపోతాను.

బుల్లిరాజు అస్కర్‌లో పనివాళ్ళు ఉండే క్యాంపులో పెట్టె దించి, ఆ బట్టలతోనే మా ఆఫీసుకి వచ్చాడు. "అమ్మగారూ, అయ్యగారు నా ముందరే రాసినారండి. సేనాసేపు రాసినారు. మద్దిలో పెన్ను పడిపోతే నేను తీసిత్తానన్నాను, ఒద్దని ఆయనే ఒంగి తీసుకున్నారండి" అన్నాడు. కవరు విప్పి చూశాను. అది నీ రాత కాదు. ఒకటో క్లాసు పిల్లాడి రాత. చేతిరాత అయితేనే నమ్ముతానని ఒట్టు పెట్టుకున్నదాన్ని, నీది కాని రాత చూసి ప్రతి అక్షరం నమ్మాను.

ఒట్టు అక్కడే తీసి గట్టు మీద పెట్టి ఫోను చేశాను. నువ్వు ఎత్తావు. ఏదో అన్నావు, ముద్దగా. నాకు అర్థమైంది ఒక్క మాటే, అక్కా అన్నావు. నాకది చాలు.

మీ బావగారిని అనవద్దన్నావు. అన్నాను. గట్టిగానే అన్నాను. అందరూ కలిసి నాలుగు నెలలు నన్ను నీ మీద కోపంగా ఉండనిచ్చారు. ఆ టైపు ఉత్తరానికి నేను రాసిన జవాబు, తమ్ముడు లేడనుకుంటానన్న ఆ మాట, పడిపోయిన చేత్తో మంచం మీద కూర్చుని నువ్వు చదివావు.

కచేరీకి వెళ్ళను అనుకున్నాను. నువ్వు ఎడం చేత్తో కష్టపడి అడిగావని నిన్న వెళ్ళాను. నీ కుర్చీలో నా సంచీ పెట్టుకున్నాను. ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు. మా తమ్ముడు వస్తున్నాడు అని చెప్పాను. ఇది చివరి అధ్యాయానికి, రాసుకో. రాయలేకపోతే విను.

తెర లేదు రవీ. లూసీ అందరి ముందూ నిలబడి వాయించింది. జుట్టు నెరిసి, కళ్ళజోడు పెట్టుకుని, మన ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరులా ఉంది. వాయిస్తే మాత్రం గుండెలో దరువు మోగింది. రెండు పాటలయ్యాక చక్రాల కుర్చీలో వేన్‌ని తీసుకొచ్చారు. మెడలో గిటారు లేదు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. మైకు దగ్గరికి జరిగి, "ఇన్నేళ్ళూ మీరు విన్నది నా చెయ్యి కాదు, ఈమెది. మీరు వెళ్ళిపోతారేమోనని భయపడ్డాను. మిమ్మల్ని మోసం చేశాను" అన్నాడు. అదేమీ తెలియని కొత్త సంగతి కాదు, ఎప్పుడో తెర ఎగిరిపోయి బయటపడిందే. కానీ అతని నోటితో ఇంతవరకూ చెప్పలేదు కదా. అప్పుడు నా వెనక వరసలో ఎవరో ఆ మూడో రికార్డు పాట ఎత్తుకున్నారు, మన పాట. అందరూ అందుకున్నారు. వేన్ ఎడమ చేత్తో తొడ మీద తాళం వేశాడు. ఎక్కడా తప్పలేదు.

నేనూ పాడాను. పరికిణీ లేదు, ప్రిన్సిపాలు లేడు, గొంతు పగిలిపోయింది. పక్క కుర్చీలో ఉన్న నా సంచీని చూసి పాడాను.

కాబట్టి పేచీలో గెలిచింది నేనే. ఒప్పేసుకున్నావు కదా, మళ్ళీ మాట మార్చకు. కానీ ఒక్క సంగతిలో నువ్వూ సగం గెలిచావు. అతను అన్నేళ్ళు దాచింది మమ్మల్ని పోగొట్టుకోకూడదనే. అక్కడ కూర్చుంటే నాకూ తెలిసింది. అది కూడా అధ్యాయంలో రాద్దాం. నువ్వు చెప్పు, నేను రాస్తాను. నమస్కారములు, మన్నించగలవు లాంటివి కలపను. నువ్వు తిడితే తిట్టినట్టే రాస్తాను. ఎంత ముద్దగా మాట్లాడినా ఫరవాలేదు, మాటలు రానప్పటి నుంచి నిన్ను వింటున్నదాన్ని.

తన్మయి దగ్గర గిటారు ఉంది కదా. దానికి మన పాట నేర్పు. నీ ఎదురుగా వాయించమను, వెనక కాదు.

ఇక పిన్నిగారి సంగతి. ఆవిడకి ఇక్కడి నుంచి ఖర్జూరాలు తెస్తున్నాను. నేను కాకుల్ని నమ్మను, నీకు తెలుసు. ఇంత చదువు చదివి నమ్మితే నన్ను చూసి నేనే నవ్వుకుంటాను. అయినా, ఫిబ్రవరిలో మా ఆఫీసు నేల మీద పడి నేను ఏడ్చిన ఏడుపే జూలైలో నీ ప్రాణానికి అడ్డం పడిందని ఆవిడ అంటే, ఈసారి కాదని అనను. ఆ మాట ఆవిడ నోట వినాలని ఉంది. రెండుసార్లు వినాలని ఉంది.

రేపు పొద్దున్న నిన్ను మేడ మీదికి తీసుకెళ్ళమని మధులికకి చెప్పాను. ఎండలో కుర్చీ వేసుకుని కూర్చో. కాకులు వస్తే రానీ. ఎవరికీ కబురు పంపక్కర్లేదు, నేను పక్కనే ఉంటాను.

నీ అక్క